పాత సైకిలుకు షాకబ్జార్బర్ ఫోర్కు: మేము చేసిన పొరపాటు, నేర్చుకున్న పాఠం



ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు సైకిలు గురించి రాస్తామన్నాం. వాళ్లు నవ్వారు. "అన్నా, గ్రూప్స్ పరీక్షల గురించి రాయండి, లేకపోతే వ్యక్తిత్వ వికాసం మీద రాయండి" అన్నారు. అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు వెనక షెడ్డులో ఇరవైకి పైగా సైకిళ్లు కనిపించాయి. వాటిలో ఒక పాత నల్ల సైకిలుకు ముందు ఫోర్కు తీసేసి, స్ప్రింగులున్న షాకబ్జార్బర్ ఫోర్కు బిగించి ఉంది. చూడగానే మా గుండె గుభేలుమంది. ఎందుకంటే సరిగ్గా అదే పని కొన్నేళ్ల కిందట మేమూ చేశాం. దానివల్ల మన హాస్టల్ తమ్ముడొకడు కాలర్ బోను విరిగి ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాడు.

ఆ రోజు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, పాత సైకిలును ఎంతవరకు మార్చుకోవచ్చో, ఎక్కడ ఆగాలో మాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెట్టె మోసిన సైకిలు

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాళ్లం మేమే. డిగ్రీ చదివిన మొదటివాళ్లమూ మేమే. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాం. మా నాన్న తాపీ పనికి వెళ్తాడు. ఆయనకు ఒక నల్ల సైకిలు ఉండేది. అది ఆయన కొన్నప్పుడే పాతది. తాపీ సంచి హ్యాండిలుకు, అన్నం క్యారేజీ క్యారియరుకు తగిలించుకుని ఊళ్లు తిరిగేవాడు. మమ్మల్ని హాస్టల్లో చేర్చిన రోజు కూడా ఆ సైకిలు మీదే వచ్చాం. వెనక క్యారియరు మీద రేకు పెట్టె, దాని మీద దుప్పటి మూట. ముందు కడ్డీ మీద మేము. పెట్టెలో ఒక పళ్లెం, గ్లాసు, రెండు జతల బట్టలు. ఈ మాటలు చదువుతున్న చాలామంది ఇలాగే వచ్చి ఉంటారు.

డిగ్రీలో చేరినప్పుడు నాన్న ఆ సైకిలు మాకిచ్చి, "కాలేజీ దూరం కదా, నాకు ఎవరో ఒకరు బండి మీద ఎక్కించుకుంటారులే" అన్నాడు. హాస్టల్ నుంచి కాలేజీకి నాలుగు కిలోమీటర్లు. రైల్వే గేటు దాటాక రోడ్డంతా గుంతలే. దానికి తోడు తోటి విద్యార్థుల గేరు సైకిళ్లు చూసి మా నల్ల సైకిలంటే కొంచెం నామోషీ కూడా వేసింది. నిజం చెప్పాలంటే గుంతల కంటే ఆ నామోషీయే మా చేత ఆ పని చేయించింది.

నల్ల సైకిలు ఎందుకు అలా ఉంటుంది?

రెండు చక్రాలు ఒకే సైజులో, వెనక చక్రానికి చైను ఉన్న నేటి సైకిలు రూపం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలుతో స్థిరపడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి ఆయన ఆ ప్రయత్నం చేశాడు. అంటే సైకిలుకు మొదటి షాకబ్జార్బర్ టైరులోని గాలే. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత ఇంగ్లండులో రాలీ వంటి కంపెనీలు చేసిన నల్ల సైకిళ్ల నమూనాయే మన దేశానికీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పాలవాళ్లు, పోస్టుమేన్లు, బట్టల మూటలవాళ్లు, బడిపంతుళ్లు అందరూ ఆ సైకిళ్ల మీదే తిరిగారు. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, మూతపడింది. ఆ వార్త చదివి పాతతరం వాళ్లు చాలామంది బాధపడ్డారు.

ఆ సైకిలును ఒక్కసారి పక్కనుంచి చూడండి. చక్రాలు పెద్దవి. ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం ఎక్కువ. హ్యాండిలు పట్టే గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది. ఫోర్కు కాళ్లు కింద ముందుకు వంపు తిరిగి ఉంటాయి. సీటు కింద పెద్ద స్ప్రింగులు ఉంటాయి. ఇవేవీ అందానికి పెట్టినవి కావు. రోడ్లు సరిగా లేని కాలంలో బరువు మోస్తూ నింపాదిగా, తిన్నగా వెళ్లడానికి పెట్టినవి. ఫోర్కు వంపు సన్నని ఉక్కు కాళ్లలో ఉంటుంది కాబట్టి, గుంతలో పడినప్పుడు అది కొద్దిగా సాగి దెబ్బను తగ్గిస్తుంది కూడా.

అమెరికా నుంచి వచ్చిన స్ప్రింగు

షాకబ్జార్బర్ ఫోర్కు కథ మాత్రం ఎక్కువగా అమెరికాలో నడిచింది. షికాగోలోని ష్విన్ కంపెనీ 1933లో లావు టైర్ల సైకిళ్లు అమ్మడం మొదలుపెట్టింది. టైరు వెడల్పు రెండు అంగుళాల పైనే. మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకులాంటి డబ్బా, వెడల్పు హ్యాండిలు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వీటి లక్షణాలు. పిల్లలు వీటి మీద మోజు పడ్డారు. వీటినే తర్వాతి కాలంలో క్రూయిజర్లు అన్నారు. 1930ల చివర్లో కొన్నింటికి హ్యాండిలు ముందు పెద్ద స్ప్రింగు ఉన్న ఫోర్కు కూడా వచ్చింది. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఫోర్కు చేసినవాళ్లూ, ఫ్రేము చేసినవాళ్లూ ఒక్కరే. రెండూ కలిసి పనిచేసేట్టు లెక్క చూసుకున్నారు.

1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఆ పాత క్రూయిజర్లను తక్కువ ధరకు కొని, అనవసరమైనవి పీకేసి, గేర్లూ మంచి బ్రేకులూ తగిలించి కొండ మీది నుంచి మట్టి దారుల్లో దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరులో 'రీప్యాక్' అనే పందెం పెట్టారు. మూడు కిలోమీటర్లకు పైగా నిటారు దిగుడు. కిందికి వచ్చేసరికి వెనక హబ్బులోని గ్రీజు బ్రేకు వేడికి కాలిపోయేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ పేరు వచ్చింది. పాత ఫ్రేములు ఆ మోటు వాడకానికి నిలవడం లేదని జో బ్రీజ్ అనే కుర్రాడు 1977లో ఆ పనికే ప్రత్యేకంగా కొత్త ఫ్రేము తయారు చేశాడు. కొండ సైకిలు అనేది అలా పుట్టింది.

1989లో పాల్ టర్నర్ స్థాపించిన రాక్‌షాక్స్ కంపెనీ మోటారు సైకిలు తరహా ఫోర్కును కొండ సైకిళ్లకు అమ్మింది. ఆ ఫోర్కులు మామూలు ఫోర్కుల కంటే పొడుగు. దాంతో 1990లలో కంపెనీలు ఆ పొడుగుకు తగ్గట్టు ఫ్రేముల కొలతలే మార్చాయి. ఫోర్కు మారితే ఫ్రేము కూడా మారాలని పెద్ద కంపెనీలే ఒప్పుకున్నాయన్నమాట. మేము ఆ చిన్న సంగతి తెలుసుకోకుండానే పానా పట్టుకున్నాం.

మేము చేసిన పని

పాత ఇనుప సామాను కొట్టులో ఒక షాకబ్జార్బర్ ఫోర్కు, దానితోపాటు 26 అంగుళాల ముందు చక్రం దొరికాయి. రెండూ కలిపి ఆరు వందలు. స్కాలర్‌షిప్పులో మిగిల్చిన డబ్బు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాస్టల్ వరండాలో కూర్చుని నాన్న సైకిలు ముందు భాగం మొత్తం విప్పేశాం. కడ్డీ బ్రేకులు, మడ్‌గార్డు, పాత ఫోర్కు పక్కన పెట్టేశాం. కొత్త ఫోర్కు పై గొట్టం మా ఫ్రేములో దూరింది కానీ పైన నట్టుకు మరలు సరిగా అందలేదు. నాలుగు మరలు పట్టాయి, చాలనుకున్నాం. ఆ ఫోర్కుతోపాటు వచ్చిన కేబులు బ్రేకు తగిలించాం. హ్యాండిలు మీద చేతులు పెట్టి గట్టిగా నొక్కి చూశాం. స్ప్రింగు దిగి మళ్లీ లేచింది. చుట్టూ చేరిన తమ్ముళ్లు చప్పట్లు కొట్టారు.

వారం రోజులు రాజాలా తిరిగాం. తర్వాత ఇంటర్ చదివే తమ్ముడొకడు "అన్నా, ఒక రౌండు" అని అడిగితే ఇచ్చాం. రైల్వే గేటు దగ్గరున్న స్పీడ్ బ్రేకరు మీద వాడు హ్యాండిలు పైకి లాగి ముందు చక్రం ఎగరేశాడు. చక్రం గాల్లోకి లేచినప్పుడు ఫోర్కు కింది భాగం, చక్రంతో సహా, పై భాగం నుంచి ఊడి వచ్చేసింది. రెండు ఉత్త గొట్టాలు రోడ్డుకు గుచ్చుకున్నాయి. తమ్ముడు హ్యాండిలు మీదుగా ముందుకు పడ్డాడు. వెనక లారీ ఏదీ లేకపోవడం మా అదృష్టం.

వాడి నాన్న కూలిపని మానుకుని ఊరి నుంచి వచ్చాడు. మేము తల దించుకుని నిలబడ్డాం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరూ పిల్లలే కదయ్యా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఎందుకు ఊడింది?

ఆ రాత్రి ఫోర్కును ముందు పెట్టుకుని కూర్చున్నాం. తక్కువ ధర షాకబ్జార్బర్ ఫోర్కులో ఉండేది ఇంతే. పైన రెండు గొట్టాలు. వాటి మీదికి కింది నుంచి తొడిగిన మరో రెండు లావు గొట్టాలు. లోపల స్ప్రింగు, లేదా రబ్బరు లాంటి ముద్ద. కింది గొట్టాలు ఊడిపోకుండా ఒక్కో కాలి అడుగు నుంచి లోపలికి ఒక పొడుగు బోల్టు. చక్రం నేల మీద ఉన్నంతసేపు మన బరువే పై గొట్టాలను కిందివాటిలోకి నొక్కి ఉంచుతుంది. బోల్టు లేకపోయినా ఏమీ తెలియదు. చక్రం గాల్లోకి లేచిన క్షణంలో మాత్రం కింది భాగం బరువు మొత్తం ఆ రెండు బోల్టుల మీదే వేలాడుతుంది. మా ఫోర్కులో ఎడమ కాలి బోల్టు అసలు లేదు. కుడి కాలి బోల్టు మరలు తుప్పుపట్టి అరిగిపోయి ఉన్నాయి.

మేము పరీక్షించామనే అనుకున్నాం. కానీ నొక్కి చూశామే తప్ప ఎత్తి చూడలేదు. ఈ వ్యాసంలో తమ్ముళ్లు ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే: షాకబ్జార్బర్ ఫోర్కును నొక్కి చూస్తే చాలదు, ఎత్తి లాగి చూడాలి.

బోల్టు ఒక్కటే తప్పా?

మొదట మేమూ అలాగే అనుకున్నాం. మంచి బోల్టులు వేసి ఉంటే సరిపోయేది కదా అనుకున్నాం. తర్వాత ఎం.ఎస్సీ.లో చేరాక మళ్లీ కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది, ఆ సైకిలుకు ఆ ఫోర్కు ఏ రకంగానూ సరిపోదని. కారణాలు ఒక్కొక్కటే చెబుతాం.

1. హ్యాండిలు తిరిగే లెక్క చెడిపోతుంది. హ్యాండిలు గొట్టం వాలు వెంబడి ఒక పొడుగు కర్రను నేల వరకు ఆనించండి. అది తాకిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ముందు చక్రం ఇరుసు నుంచి ఒక దారానికి రాయి కట్టి వేలాడదీస్తే అది నేలను తాకే చోట ఇంకో గుర్తు పెట్టండి. మొదటి గుర్తు ముందు, రెండోది వెనక ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం తనంతట తాను తిన్నగా సర్దుకోవడానికి ఈ దూరం సాయపడుతుంది. ఆసుపత్రి మంచాల కింది చిన్న చక్రాలు మనం తోసిన వైపు తిరిగి సర్దుకునేది కూడా ఇలాంటి దూరం వల్లే. మా నల్ల సైకిలుకు ఈ దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. పాత ఫోర్కుకు ముందుకు ఎనిమిది సెంటీమీటర్ల వంపు ఉండటం వల్ల అలా కుదిరింది. కొత్త ఫోర్కుకు వంపు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకే. పైగా దాని పొడుగు వల్ల సైకిలు ముందు భాగం మూడు సెంటీమీటర్లు లేచి, గొట్టం ఇంకా వెనక్కి వాలింది. దాంతో ట్రెయిల్ పదిన్నర సెంటీమీటర్లయింది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిలు బరువెక్కి, కొంచెం తిప్పితే చాలు ఒక పక్కకు వాలిపోయేది. వారం రోజులు అలా తొక్కుతూ "కొత్తది కదా, అలవాటవుతుంది" అనుకున్నాం.

2. బ్రేకు వేసినప్పుడు అదే లెక్క మళ్లీ మారుతుంది. ముందు బ్రేకు నొక్కగానే బరువు ముందుకు పడి స్ప్రింగు దిగుతుంది. ముందు భాగం కిందికి వస్తుంది. గొట్టం వాలు మారుతుంది. అంటే మలుపులో బ్రేకు వేస్తే హ్యాండిలు స్వభావం చేతిలోనే మారిపోతుంది. ఆ సైకిలు కోసమే చేసిన మంచి ఫోర్కులో దీనికి తగిన ఏర్పాటు ఉంటుంది. ఇనుప సామాను కొట్టులో దొరికినదాంట్లో ఉండదు.

3. కడ్డీ బ్రేకు పనికిరాదు. నల్ల సైకిలు ముందు బ్రేకు కడ్డీల ద్వారా పైకి లాగి, రిమ్ము లోపలి వైపు, పుల్లలున్న వైపు, రబ్బర్లను అదుముతుంది. షాకబ్జార్బర్ ఫోర్కులో చక్రం పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి కడ్డీ బ్రేకు పెట్టడం కుదరదు. పోనీ పాత రిమ్ముకు కేబులు బ్రేకు పెడదామా అంటే, ఆ బ్రేకు రిమ్ము పక్కలను పట్టుకోవాలి. పాత రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి, రబ్బరు సరిగా ఆనదు. 28 అంగుళాల చక్రం ఆ ఫోర్కులో పట్టదు కూడా. అందుకే చక్రం కూడా మార్చాల్సి వస్తుంది. ఒకటి మారిస్తే ఒకటి, అలా మార్చుకుంటూ పోవడమే.

4. ఫ్రేము అతుకుల మీద భారం పడుతుంది. హ్యాండిలు గొట్టం దగ్గర ఫ్రేము పైపులు కలిసేచోట పాత సైకిలుకు అతుకు ఉంటుంది. పాత కడ్డీ బ్రేకు బలహీనమైనది, వానలో అయితే మరీను. కొత్త కేబులు బ్రేకు గట్టిగా పట్టుకుంటుంది. ఆ లాగుడంతా ఫోర్కు ద్వారా ఆ అతుకు దగ్గరికే వస్తుంది. ఏళ్ల తరబడి బస్తాలు మోసిన ఫ్రేములో లోపల తుప్పు ఎంతుందో ఎవరు చూశారు? ఆ అతుకు వెనక రంగు వెంట్రుకలా పగిలి కనిపిస్తే అది రంగు పగులు కాకపోవచ్చు, పైపు పగులు కావచ్చు.

5. పై గొట్టం కొలత కుదరదు. పాత సైకిళ్ల ఫోర్కు గొట్టం ఒక అంగుళం మందం. కొత్త కొండ సైకిళ్లలో చాలావాటికి 1⅛ అంగుళం. ఒక అంగుళం గొట్టమే దొరికినా దాని పొడుగు, మరలు మన ఫ్రేముకు సరిపోవాలి. మాకు పట్టినట్టు నాలుగు మరలు పట్టడమంటే పట్టనట్టే లెక్క. మధ్యలో వాషర్లు పేర్చి సరిపెట్టడం ఇంకా ప్రమాదం. హ్యాండిలు కాడను లోపలికి ఎంత దించాలో దాని మీద గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడితే కాడ ఊడే ప్రమాదం ఉంది.

మరి ఏం మార్చుకోవచ్చు?

ఇదంతా చదివి పాత సైకిలు ముట్టుకోకూడదేమో అనుకోవద్దు. మారిన్ కౌంటీ కుర్రాళ్లు కూడా పాత సైకిళ్లనే మార్చుకున్నారు. ఏది మార్చినా ఫ్రేముకు, ఫోర్కుకు మధ్య ఉన్న లెక్క చెడకూడదు, అంతే.

కుదుపు తగ్గాలంటే మొదట టైరు చూడండి. పైన చెప్పినట్టు మొదటి షాకబ్జార్బర్ గాలే. పగుళ్లు పట్టిన టైరు మార్చి, రిమ్ముకు తగిన మంచి టైరు వేసి, గాలి సరిగా ఉంచండి. రాయిలా గట్టిగా నింపితే కుదుపు పెరుగుతుంది. మరీ తక్కువగా ఉంటే రిమ్ము గుంతకు తగిలి ట్యూబు పగులుతుంది. తర్వాత సీటు. రెండు స్ప్రింగుల సీటు మంచిది కొనండి. ఫోర్కు మార్చడానికయ్యే ఖర్చులో సగంతో ఈ రెండూ అవుతాయి. గుంత వచ్చినప్పుడు సీటు మీద నుంచి కొంచెం లేచి, మోకాళ్లు వంచి తొక్కడానికి అసలు ఖర్చే లేదు.

హెడ్డు కప్పులు విప్పి పాత బాల్సు తీసేసి, కొత్తవి గ్రీజుతో వేయించండి. హ్యాండిలు కటకటమనడం చాలావరకు అక్కడే పోతుంది. ఎదురుగాలికీ, ఎత్తుకూ తొక్కడం కష్టంగా ఉంటే వెనక ఫ్రీవీలు మార్చుకోవచ్చు. మా సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు వెళ్తుంది. వెనక 22 పళ్ల ఫ్రీవీలు వేస్తే నాలుగున్నర మీటర్లు వెళ్తుంది. వేగం కొంచెం తగ్గుతుంది, కాలికి తేలికవుతుంది. చైను పొడుగు మాత్రం మేస్త్రీ చేత సరిచేయించాలి. బ్రేకు రబ్బర్లు మార్చండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పకుండా పెట్టుకోండి. సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు లారీవాడికి మనం కనిపించేది దానివల్లే. రంగు, స్టిక్కర్లు, హ్యాండిలు గ్రిప్పులు మీ ఇష్టం. వాటి వల్ల ఎవరి ఎముకా విరగదు.

షాకబ్జార్బర్ ఉన్న సైకిలే పాతది కొంటే?

ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు సెకండ్ హ్యాండులో అలాంటి సైకిళ్లు కొంటున్నారు. కంపెనీ బిగించి ఇచ్చిన ఫోర్కయితే తప్పేమీ లేదు. కానీ కొనేముందు ఐదు నిమిషాలు ఈ పరీక్షలు చేయండి.

ఒకటి, సైకిలు ముందు భాగం ఎత్తి పట్టుకుని, ఇంకొకరి చేత చక్రాన్ని కిందికి గట్టిగా లాగించండి. ఫోర్కు కాళ్లు జారినట్టు అనిపిస్తే ఆ సైకిలు వద్దు. రెండు, కాళ్ల అడుగున రెండు బోల్టులూ ఉన్నాయో లేదో వంగి చూడండి. మూడు, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కీ ఊపండి. హెడ్డు దగ్గర గానీ, ఫోర్కు కాళ్ల మధ్య గానీ టకటకమంటే విప్పి చూపించాలి. నాలుగు, పై గొట్టాల మీద తుప్పు, గీతలు, వంపు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. ఐదు, ముందు చక్రం ఇరుసు ఫోర్కు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో, రెండు నట్లూ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. ఇది నెలకొకసారి చేయాల్సిన పని.

ఆరో మాట మన హాస్టల్ అలవాటు గురించి. ఒక సైకిలు మీద ముగ్గురు ఎక్కడం మనకు సరదా. ముందు కడ్డీ మీద ఒకరు కూర్చుంటే ఆ బరువులో చాలా భాగం ముందు చక్రం మీద పడుతుంది. చిన్న స్ప్రింగులున్న ఫోర్కు ఆ బరువుకు అడుగు వరకు దిగిపోతుంది. ఇక స్ప్రింగు లేనట్టే. గుంత వస్తే దెబ్బ నేరుగా గొట్టాలకే.

చివరగా

ఆ తమ్ముడు కోలుకున్నాడు. ఎడమ వైపు కాబట్టి పరీక్షలు రాయగలిగాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ వ్యాసం రాస్తామని ముందుగా వాడినే అడిగాం. "రాయన్నా, కానీ నేను చక్రం ఎగరేసిన సంగతి కూడా రాయి" అన్నాడు. రాశాం.

జరిగింది నాన్నకు చెప్పడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఆయన వచ్చి వరండా మూలనున్న పాత ఫోర్కు చేతిలోకి తీసుకుని, వంపు మీద వేలు రాసి, "దీని మీద సిమెంటు బస్తాలు మోశాన్రా, ఇదెందుకు వంకరగా ఉందో నాకూ తెలియదు. తెలియనప్పుడు తియ్యకూడదు" అన్నాడు. ఆయన బడికి వెళ్లలేదు. మేము ట్రెయిల్ లెక్క వేయడానికి ఎం.ఎస్సీ. దాకా రావాల్సి వచ్చింది. ఆయన అన్న మాట మాత్రం ఆ లెక్క కంటే ముందే మాకు అందింది.

సైకిల్ షాపులో పాత ఫోర్కే మళ్లీ కొత్త బాల్సుతో బిగించారు. ఆ సైకిలు ఇప్పుడు మళ్లీ నాన్న దగ్గరే ఉంది.

షెడ్డులో ఆ నల్ల సైకిలు ఎవరిదో మాకు తెలియదు. ఆ తమ్ముడు ఇది చదివితే ఈ రోజే ముందు చక్రం ఎత్తి లాగి చూడాలి. పాత ఫోర్కు ఇంకా అమ్మేయకపోతే దాన్నే మళ్లీ బిగించుకోవాలి. పాత ఫోర్కు దొరక్కపోతే మాకు కబురు చేయాలి. కొత్త ఫోర్కు కొనే ఖర్చులో సగం మేము పెట్టుకుంటాం.